మా అత్తయ్య తీసిన ఫోటోలు

మా రాజమండ్రిలో పాత కుటుంబాల్లో పూలజడ ఫోటో లేని ఇల్లు అరుదు. పదీ పన్నెండేళ్ళ పిల్ల, పట్టు లంగా, వెనక నిలువుటద్దం, అద్దంలో జడ పొడుగునా మల్లెమొగ్గలు. ఆ ఫోటో చూపించి "ఇది మా అమ్మ", "ఇది మా పెద్దమ్మ" అంటారు. ఏ ఏడాది తీయించారో, ఆ లంగా ఎవరు కొన్నారో కూడా చెబుతారు. ఎవరు తీశారని అడిగితే మాత్రం అట్ట వెనక్కి తిప్పి స్టాంపు చదువుతారు. ఆ స్టాంపుల్లో కొన్నిటి మీద ఉన్నది మా మామయ్య పేరు. ఆ ఫోటోల్లో చాలా భాగం తీసింది మా అత్తయ్య.

అత్తయ్య మా నాన్నకి పెద్దక్క. చిన్నతనంలోనే పెళ్ళయింది. మామయ్య కాకినాడలో ఒకాయన దగ్గర పని నేర్చుకుని వచ్చి, స్వాతంత్ర్యానికి కొన్నేళ్ళ ముందు, మెయిన్ రోడ్డుకి దగ్గర్లో సొంతంగా స్టూడియో పెట్టాడు. ముందు స్టూడియో, వెనక కాపురం, మధ్యలో డార్క్ రూమ్. దాని గుమ్మం వంటింటి వైపుకి ఉండేది. అత్తయ్య ఫోటోగ్రఫీలోకి వచ్చింది ఆ గుమ్మంలోంచే.

మొదట ఆవిడకి అప్పగించిన పని ప్రింట్లు కడగడం. ఫోటో కాగితాన్ని బొమ్మ తేల్చే డెవలపర్ మందులో ముంచాక, ఆ బొమ్మ నిలబడడానికి హైపో అనే ఇంకో మందులో వేస్తారు. ఆ హైపో కాగితంలో మిగిలిపోతే కొన్నేళ్ళకి ఫోటో పసుపు పట్టి మాసిపోతుంది. అందుకే నీళ్ళు మార్చి మార్చి కడగాలి. కుళాయి లేని ఇల్లు. బావిలోంచి తోడి తోడి పోయాలి. ఇంట్లో కోడలు ఉండగా ఆ పనికి వేరే మనిషిని పెట్టాలని ఎవరికీ తోచలేదు. అత్తయ్య కడిగిన ప్రింట్లు ఇప్పటికీ తెల్లటి తెలుపు, నల్లటి నలుపుగా ఉన్నాయి. ఆ రోజుల్లోనే వేరే చోట తీయించుకున్నవి టీ రంగుకి తిరిగాయి. పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

తర్వాత మందులు తూచడం. చిన్న ఇత్తడి త్రాసు ఉండేది. మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, సోడా, చిటికెడు బ్రోమైడ్. ఏది ముందు కలపాలో, ఏది తర్వాతో తేడా వస్తే మందు పాడైపోతుంది. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. సీసాల మీద తెలుగులో తనే చీటీలు రాసి అంటించుకుంది. మెటాల్ కొందరి చర్మానికి పడదు. ఆవిడకి పడేది కాదు. వేళ్ళ కొసలు ఎర్రబడి పగిలేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. పొద్దున చారులోకి చింతపండు పిసికేటప్పుడు పెదవి బిగబట్టడం నేను చూశాను. "చెయ్యి మండుతోందా అత్తయ్యా?" అంటే "మండకపోతే బొమ్మెలా వస్తుందే?" అనేది.

కెమెరా దగ్గరికి ఆవిడ వచ్చిన కారణం వేరు. ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే కూర్చోబెట్టడం. గడ్డం కాస్త ఎత్తాలి, భుజం కొంచెం తిప్పాలి, పైట మడత సర్దాలి, ముంగురులు వెనక్కి తోయాలి. మగవాళ్ళయితే మామయ్య చేత్తో పట్టుకుని తిప్పేసేవాడు. ఆడవాళ్ళని ముట్టుకోవడానికి లేదు. దూరంగా నిలబడి "కొంచెం ఎడమకమ్మా... అంత కాదు... ఇటు" అంటుంటే వాళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు. పక్కన తండ్రి, వెనక అన్నగారు కాపలా. అందుకని మామయ్య లోపలికి కేక వేసేవాడు, "ఏవేయ్, ఒకసారి ఇలా రా" అని. అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పైట సర్దేది. సర్దుతూ సర్దుతూ వెలుతురు ఎక్కడ పడుతోందో కనిపెట్టింది. ఒకరోజు కెమెరా వెనక నల్లగుడ్డ కింద తల పెట్టి చూసింది. ఆ తర్వాత ఆవిణ్ణి అక్కణ్ణించి కదిలించడం ఎవరివల్లా కాలేదు.

మామయ్య గురించి చెడ్డగా చెప్పడానికి నాకేమీ లేదు. ఆయనే శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకని కేటాయించాడు. భోజనాలయ్యాక ఆయన వీధి అరుగు మీదకి వెళ్ళిపోయేవాడు. తలుపు వేసేవారు. లోపల అత్తయ్య, వచ్చినవాళ్ళు, సాయానికి ఇంట్లో ఎవరో ఒక ఆడపిల్ల. అరవైల్లో ఆ ఆడపిల్లని నేను. ఆ కబురు నోటి మాటగానే పాకింది. ఇన్నీసుపేట నించీ, దానవాయిపేట నించీ, గోదావరి అవతల కొవ్వూరు నించీ కూడా వచ్చేవాళ్ళు. బురఖాల్లో వచ్చే అమ్మలు తలుపు గడియ పడేదాకా ముసుగు తీసేవాళ్ళు కాదు. గడియ పడ్డాక వాళ్ళ నవ్వులు వినాలి.

స్టూడియో పైకప్పులో ఉత్తరం వైపు అద్దాల పెంకులు ఉండేవి. ఉత్తరపు వెలుతురులో ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా పడదు, రోజంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. కిందా పైనా తెల్ల పంచెలు కట్టి, తాళ్ళతో లాగి ఆ వెలుతురుని ఎక్కువా తక్కువా చేసేవారు. వెనక గుడ్డ మీద తోట, మెట్లు, స్తంభాలు రంగుల్లో వేయించిన తెర. కెమెరా టేకుది, ముందు తోలు తిత్తి. వెనక గరుకు అద్దం మీద మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. అత్తయ్య అలా తలకిందులుగా చూస్తూనే "కుడి చెవి కమ్మ మీద పైట పడింది సర్దుకోమ్మా" అనేది. నేను గుడ్డ కింద దూరి చూస్తే నాకు ఎవరు ఎవరో కూడా తెలిసేది కాదు.

పూలజడ ఫోటో చూడ్డానికి సులువుగా ఉంటుంది, తీయడం కష్టం. అద్దం సరిగ్గా ఎదురుగా పెడితే అందులో కెమెరా, నల్లగుడ్డ, తీసే మనిషీ అంతా పడతారు. కొంచెం ఓరగా తిప్పాలి. మరీ తిప్పితే జడ కనపడదు. అక్కడితో అయిపోదు. పిల్ల ముఖం కెమెరాకి దగ్గర. అద్దంలో జడ మాత్రం అద్దం దాకా ఉన్న దూరానికి అద్దం నించి జడ దాకా ఉన్న దూరం కూడా కలుపుకున్నంత దూరంలో ఉన్నట్టు లెక్క. ముఖానికి ఫోకస్ పెడితే జడ మసకబారుతుంది, జడకి పెడితే ముఖం పోతుంది. అత్తయ్య రెండిటికీ మధ్యన ఫోకస్ పెట్టి, లెన్స్ కన్నం బాగా చిన్నది చేసేది. కన్నం చిన్నదైతే దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా వస్తాయి. కానీ వెలుతురు తక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు ఆ పిల్ల కదలకూడదు. పొద్దుట్నించీ కూర్చోబెట్టి కుట్టిన జడ, దాని బరువు, తలనొప్పి, పైగా ఆకలి. "అమ్మాయీ, నా చేతికేసి చూడు, ఊపిరి నెమ్మదిగా వదులు" అని లెన్స్ మూత తీసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి మళ్ళీ మూసేది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. మబ్బు పడితే ఒక లెక్క, మాఘమాసం ఎండకి ఒక లెక్క.

వచ్చే ముందు ఏం కట్టుకోవాలో కూడా ఆవిడ చెప్పి పంపేది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా ఉండేది ఇదే. అప్పట్లో ఫిల్ముకి బదులు వాడిన గాజు ప్లేట్లకి ఎరుపు కనపడదు. అందుకే డార్క్ రూమ్‌లో ఎర్రదీపం పెట్టుకుని పని చేయగలిగేవారు. కానీ దాని వల్ల ఎర్రటిది ఏదైనా ఫోటోలో నల్లగా పడేది. ముచ్చటపడి కట్టుకొచ్చిన ఎర్ర పట్టుచీర నల్లచీర అయిపోయేది. లేత నీలం చీర తెల్లచీర అయిపోయేది. కెంపుల కమ్మలు బొగ్గు ముక్కల్లా వచ్చేవి. పసుపు రాసుకున్న ముఖం ఉన్న రంగు కంటే నలుపు తిరిగేది. అది తెలియక జనం ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకునేవారు. అత్తయ్య ముందుగానే చెప్పేది: "పసుపు కడుక్కుని రండమ్మా, బొట్టు మామూలు కంటే చిన్నది పెట్టుకోండి, ఎర్రచీర వద్దు, అరిటాకు పచ్చో వంగపండో కట్టుకోండి." పెళ్ళికూతురు ఎర్రచీరతోనే వస్తానంటే అడ్డు చెప్పేది కాదు. జరీ అంచు మాత్రం వెలుతురుకి ఎదురుగా పడేలా మడత పెట్టేది. చీర నల్లగా వచ్చినా జరీ మెరిసి పెళ్ళికళ పోయేది కాదు.

మా ఊళ్ళో ఆడవాళ్ళు రంగులు పట్టడం కొత్తేమీ కాదు. 1925లో ఇరవై ఏడేళ్ళకే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావుగారి ఊరు మాది. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రాలు వేశారు. వాళ్ళకి సంతకం పెట్టుకోవడానికి బొమ్మ మీద ఒక మూల ఉండేది. ఫోటోకి అలాంటి మూల లేదు. అట్టలు మద్రాసు నించి కట్టలు కట్టలుగా అచ్చయి వచ్చేవి, వాటి మీద మామయ్య పేరు, కింద స్టూడియో పేరు. శుక్రవారం తీసిన ఫోటోలకైనా, సోమవారం తీసినవాటికైనా అదే అట్ట. ఇందులో కుట్రేమీ లేదు, అత్తయ్య పేరు వేయించాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదంతే. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కావాలని తీసేసి ఉంటే ఎవరో ఒకరైనా గుర్తుపెట్టుకుని ఉండేవారు.

రీటచింగ్ సంగతి చెప్పకపోతే అత్తయ్య గురించి చెప్పినట్టే కాదు. ఏటవాలు బల్ల, మధ్యలో కన్నం, కింద అద్దం. అద్దం వెలుతురుని పైకి కొడుతుంది. కన్నం మీద నెగటివ్ పెట్టి, దానికి సన్నగా వార్నిష్ లాంటిది రుద్ది, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు గీయాలి. నెగటివ్‌లో పెన్సిల్ పడ్డ చోటు ప్రింటులో తెల్లబడుతుంది. కళ్ళ కింద నలుపు, ముడతలు, మచ్చలు అలా పోతాయి. పెన్సిల్ మొన గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సాన పెట్టడం నా పని. మొన విరిగితే మళ్ళీ మొదలు.

అప్పటికి మశూచి ఇంకా పోలేదు. మన దేశంలో దాని చివరి కేసు 1975లో. ప్రతి వీధిలో మచ్చల ముఖాలు ఉండేవి. పెళ్ళిచూపులకి ముందు ఫోటో పంపడం అలవాటయ్యాక మచ్చలున్న ఆడపిల్లల తండ్రులు స్టూడియో చుట్టూ తిరిగేవారు. ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ముఖమంతా గుంటలు, కళ్ళు మాత్రం చాలా బాగుంటాయి. "ఒక్కటి కూడా కనపడకూడదమ్మా, ఎంతయినా ఇస్తాను" అన్నాడాయన. అత్తయ్య సరే అనలేదు, కాదనలేదు. ఆయన్ని అరుగు మీద మామయ్య దగ్గర కూర్చోబెట్టి, తలుపేసి, ఆ పిల్లనే అడిగింది.

"నీకేం కావాలమ్మా?"

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నీ తీసేస్తే రేపు వచ్చినవాళ్ళు నన్ను చూసి ఫోటో చూస్తారండీ" అంది.

అంతే. అత్తయ్య ఆ పిల్లని కిటికీకి ఎదురుగా తిప్పింది. పక్క నించి పడే వెలుతురు ప్రతి గుంటకీ ఒక నీడ వేస్తుంది, ఎదురుగా మెత్తటి వెలుతురు పడితే నీడలు ఉండవు. తెల్ల పంచె ఒకటి దగ్గరికి లాగించింది. సగం మచ్చలు అక్కడే తగ్గిపోయాయి. పెన్సిల్‌తో బుగ్గల మీద కొన్ని తేలిక చేసింది. మిగతావి ముట్టుకోలేదు. ప్రింటు చూసి ఆ తండ్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఈ ఫోటో చూసి వచ్చేవాడు మీ అమ్మాయిని చూసి వెనక్కి పోడు. మచ్చలు లేని ఫోటో చూసి వచ్చేవాడు పోతాడు. ఏది కావాలో మీరే చెప్పండి" అంది అత్తయ్య, పైట చెంగు భుజం మీదకి లాక్కుంటూ. ఆయన డబ్బిచ్చి ఫోటో తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకీ అక్కడే ఫోటోలు తీయించింది. ఆ సంబంధం ఆ ఫోటోతోనే కుదిరిందో లేదో నేను చెప్పను. ఆ పిల్లని ఎవరూ అడగని ప్రశ్న అత్తయ్య అడిగింది, అది నేను దగ్గరుండి విన్నాను.

ఎండాకాలం మా ఇంట్లో నరకం. డెవలపర్ చల్లగా ఉండాలి, ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మంచిది. మా గోదావరి జిల్లాలో రోహిణీ కార్తెలో బావి నీళ్ళే వెచ్చగా ఉంటాయి. వేడి నీళ్ళలో ప్లేటు మీది జిలెటిన్ ఉబ్బి, అంచుల నించి ముడతలు పడి, ఒక్కోసారి మొత్తం మీగడలా జారిపోయేది. అలా జారిపోతే ఆ మనిషి ముఖం పోయినట్టే. మళ్ళీ రమ్మనాలి. పల్లెటూళ్ళ నించి బండి కట్టుకుని వచ్చినవాళ్ళని ఏ ముఖంతో రమ్మంటాం? అందుకని వేసవిలో ప్లేట్లన్నీ దాచి, తెల్లవారుజామున లేచి కడిగేది. ఐస్ ఫ్యాక్టరీ నించి రంపపు పొట్టులో చుట్టిన మంచు గడ్డ వచ్చేది. తొట్టి చుట్టూ మంచు పేర్చి, ప్లేటు గట్టిపడడానికి క్రోమ్ పటిక కలిపి, గాలి ఆడని ఆ గదిలో ఎర్రదీపం దగ్గర నిలబడేది. బయటికి వచ్చేసరికి చీర మొత్తం తడిసి ఉండేది. ఆ వెంటనే పొయ్యి వెలిగించేది.

పిలుపు వస్తే ఇళ్ళకి కూడా వెళ్ళేది. బతికినన్నాళ్ళూ ఫోటో తీయించుకోని ముసలమ్మ పోతే, చివరికి ఒక్క బొమ్మయినా ఉండాలని కబురు పంపేవారు. ఆడమనిషి శవం దగ్గరికి మామయ్య వెళ్ళడం కంటే అత్తయ్య వెళ్ళడమే మేలనేవారు. వచ్చాక స్నానం చేసి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేది. వాటి గురించి ఆవిడ చెప్పలేదు, నేనూ ఎక్కువ రాయను.

1967 పుష్కరాలు మాత్రం చెప్పాలి. ఊరంతా జనం. రేవులో మునిగి, పిండాలు పెట్టి, ఊళ్ళకి వెళ్ళేలోపు ఫోటో తీయించుకుందామని స్టూడియోకి వచ్చేవారు. జీవితంలో మళ్ళీ పట్నం వస్తారో రారో. ఆ పన్నెండు రోజులూ శుక్రవారం లెక్క లేదు, మగవాళ్ళకి ఒక పూట, ఆడవాళ్ళకి ఒక పూట. దానికి తోడు సరుకు కొరత. ఫిల్మూ కాగితమూ విదేశాల నించి రావాలి, దిగుమతుల మీద ఆంక్షలు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు ఫిల్ము తయారు చేయడం మొదలుపెట్టింది ఆ 1967లోనే, అది మా ఊరి దాకా వచ్చేసరికి ఇంకా టైమ్ పట్టింది. ఒక్కో ప్లేటూ లెక్క చూసుకుని వాడాలి. రెండోసారి తీసే వీలు లేదు. ఒక ముసలావిడ, నెత్తిన ముసుగు, తడి ఆరని తెల్లచీర, చిన్నప్పుడే భర్త పోయినావిడ, "నాకెందుకమ్మా ఫోటో, నా మనవడికి తియ్యి" అంది. అత్తయ్య ఇద్దరినీ కూర్చోబెట్టింది. మనవడికోసమని చెప్పి, ఫోకస్ ఆవిడ ముఖం మీద పెట్టింది. నేను గుడ్డ కింద చూశాను కాబట్టి నాకు తెలుసు.

తర్వాత రోజుల్లో పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక, పాత ఫోటోగ్రాఫర్ల గురించి ఎక్కడ ఏం కనపడ్డా చదవడం నాకు అలవాటైంది. అత్తయ్య లాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అనే వెతుకులాట అది. ఉన్నారు. అదీ ఈ ఊళ్ళోనే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆయన 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం విడిగా ఒక జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగవాళ్ళకి ప్రవేశం లేదు. అక్కడ ఫోటోలు తీసింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ, ఆవిడ దగ్గర సాయానికి మన ఆడవాళ్ళు. దీన్‌దయాళ్ గారి గురించి ఎంతయినా చదవొచ్చు. ఆవిడ గురించి చదివితే ఆ "మిసెస్" దాటి ముందుకి వెళ్ళడమే కష్టం. ఆవిడకి సాయం చేసిన ఆడవాళ్ళ పేర్లు అసలే లేవు. తెల్ల పంచె లాగినవాళ్ళు, పైట సర్దినవాళ్ళు. అది చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

కలకత్తాలో 1890ల చివర్లో సరోజినీ ఘోష్ అనే ఆవిడ మహిళా ఆర్ట్ స్టూడియో పేరుతో కార్న్‌వాలిస్ వీధిలో సొంతంగా స్టూడియో నడిపారు. ఆ తర్వాతి తరంలో అన్నపూర్ణా దత్తా. 1894లో పుట్టారు, పన్నెండో ఏట పెళ్ళి, భర్త లాయరు. పాతికేళ్ళ వయసు వచ్చేసరికి ఫోటోలు తీయడాన్ని వృత్తిగా పెట్టుకున్నారు. స్టూడియో లేదు. కెమెరా పట్టుకుని ఇళ్ళకే వెళ్ళి, బయటికి రాని ఆడవాళ్ళ ఫోటోలు తీసి, ఇంటికొచ్చి తనే కడిగి తనే ప్రింటు వేసేవారు. జనం ఆవిణ్ణి "ఫోటోగ్రాఫర్ మాషిమా" అని పిలిచేవారట, మనం పిన్నిగారు అన్నట్టు. ఆ సంపాదన ఇంటికి ఆసరా అయింది. 1976లో పోయారు. అంటే మా అత్తయ్య ఎర్రదీపం దగ్గర నిలబడ్డ రోజుల్లోనే కలకత్తాలో ఆవిడా ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తెలిసి ఉంటే అత్తయ్య ఆవిణ్ణి ముందుగా వేళ్ళ మంటకి ఏం రాసుకుంటారని అడిగి ఉండేది.

హోమాయి వ్యారావాలా కథ కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆవిడ స్టూడియో మనిషి కాదు, పత్రికల ఫోటోగ్రాఫర్. దేశం మొత్తానికి తెలిసిన మనిషి, 2011లో పద్మవిభూషణ్ కూడా ఇచ్చారు. అయినా మొదట్లో బొంబాయి పత్రికల్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త మాణెక్‌షా పేరుతోనే అచ్చయ్యాయి. ఢిల్లీలో నెహ్రూగారి ఫోటోలు తీసిన మనిషి పరిస్థితే అలా మొదలైతే, రాజమండ్రి వీధిలో శుక్రవారం మధ్యాహ్నం తలుపేసుకుని పని చేసిన మనిషి పేరు ఎవరు రాస్తారు?

డెబ్భైల చివరికి కలర్ వచ్చింది. ఫిల్ము ఇక్కడ తీసి, కడగడానికి లాబ్‌కి పంపడమే. డార్క్ రూమ్ పని తగ్గింది. పెళ్ళిళ్ళకి కుర్రాళ్ళు ఫ్లాష్ లైట్లతో వెళ్ళిపోతున్నారు. మామయ్య పోయాక స్టూడియో మూసేశారు. గాజు నెగటివ్‌లు ఒక గది నిండా ఉండేవి, చెక్క పెట్టెల్లో వరసగా, ఒక్కొక్క దాని అంచు మీద అత్తయ్య చేతిరాతతో ఊరూ నెలా. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఫోటో ఫ్రేములు కట్టే దుకాణం వాళ్ళు వచ్చి తూకానికి కొనుక్కెళ్ళారు. సోడాలో నానబెట్టి మీది పొర గీకేస్తే శుభ్రమైన గాజు. దాన్ని దేవుడి పటాలకి వేస్తారు. ఆ పని ఎక్కడైనా చేసేవారే, ఆ దుకాణం వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ పూలజడ పిల్లలు, బురఖా తీసి నవ్వినవాళ్ళు, పుష్కరాల ముసలమ్మ, అందరూ ఒక్క వారంలో కాలవలోకి పోయారు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగులుతుంది. అత్తయ్య అప్పుడు ఏమీ అనలేదు. పెట్టెలు లెక్కపెట్టి, డబ్బు లెక్కపెట్టి, మా బావ చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

ఆవిడ తర్వాత ఇంకో పదేళ్ళు పైనే ఉంది. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళని కిటికీ దగ్గర కుర్చీలోనే కూర్చోమనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ "కొంచెం ఇటు తిరగమ్మా" అనేది. అప్పటికి చేతిలో కెమెరా లేదు, ఊరికే చూసుకోవడానికి.

ఇప్పుడు నేనూ మా బావా మిగిలిన ప్రింట్లు పోగు చేస్తున్నాం. మా చుట్టాలవి, వాళ్ళ చుట్టాలవి, ఊళ్ళో తెలిసినవాళ్ళవి. స్కాన్ చేసి ఒక జాబితా రాస్తున్నాం: ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం. దానికి నేను "తీసినవారు" అని ఇంకో గడి కలిపాను. అక్కడ మా ఇద్దరికీ రోజూ వాదనే. స్టాంపు ఒకటే కాబట్టి ఫోటో చూసే చెప్పాలి. మామయ్య తీసినవాటిలో చేతులు మోకాళ్ళ మీద బోర్లించి ఉంటాయి, చూపు కెమెరా పక్కకి ఉంటుంది. అత్తయ్య తీసినవాటిలో చేతులు ఎవరికి ఎలా అలవాటో అలా ఉంటాయి, ఒకావిడ కొంగు అంచు వేలికి చుట్టుకుని ఉంటుంది, ఒకావిడ ఒళ్ళో చెయ్యి మీద చెయ్యి వేసుకుని ఉంటుంది. చూపు తిన్నగా లెన్స్‌లోకి. వెనక తెర కూడా కొంచెం మసకగా ఉంటుంది, ఆవిడకి ఆ రంగుల స్తంభాలు ఎప్పుడూ నచ్చలేదు. బావ అన్నిటికీ ఒప్పుకోడు. "నాన్న కూడా అలా తీసేవాడే" అంటాడు. ఒప్పుకోని వాటికి ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తున్నాం.

గోదావరి జిల్లాల వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీ ఇంట్లో అమ్మమ్మలూ నానమ్మలూ రాజమండ్రిలో శుక్రవారం పూట, తలుపేసి, ఒక ఆడమనిషి చేత ఫోటో తీయించుకున్నామని ఎప్పుడైనా అని ఉంటే, వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఏ చీర కట్టుకోమని చెప్పిందో, పసుపు కడుక్కోమందో లేదో, బయట అరుగు మీద ఎవరు కూర్చున్నారో. ఫోటో ఇవ్వక్కర్లేదు, వెలుతురులో పెట్టి తీసిన కాపీ చాలు, వెనక వైపు కూడా. మా జాబితాలో 1950కి ముందువి మరీ తక్కువగా ఉన్నాయి.